వల ఒడ్డుకు చేరాక



మత్తయి సువార్త 13వ అధ్యాయంలో క్రీస్తు ప్రభువు పరలోక రాజ్యాన్ని ఒక వలతో పోల్చారు. సముద్రంలో వేసిన ఆ వలలో అన్ని రకాల చేపలూ పడతాయి. వల నిండాక జాలరులు దాన్ని ఒడ్డుకు లాగుతారు. కూర్చొని, మంచివాటిని బుట్టల్లో వేసుకొని, పనికిరానివాటిని అవతల పారవేస్తారు. మన విచారణల్లో ఈ ఉపమానాన్ని లోకాంతపు తీర్పును గురించి చెప్పేటప్పుడు వాడతాం. ప్రభువు ఉద్దేశం కూడా అదే. కాని అందులోని ఒక చిన్న మాట కొంతకాలంగా నా మనసును విడిచిపెట్టటం లేదు. జాలరులు కూర్చున్నారట.

మన కోస్తాలో అలివి వల లాగటం చూసినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. రెండువైపులా తాళ్ళు పట్టుకొని ఊరంతా లాగితే గాని ఆ వల ఒడ్డుకు రాదు. వచ్చినప్పుడు కవళ్ళూ, కానాగంతలూ, రొయ్యలూ, పీతలూ, నాచూ, ఎవరో పారేసిన చెప్పూ అన్నీ కలిసే వస్తాయి. లాగటంతో సగం పనే అయినట్టు. మిగిలిన సగం, ఆడవాళ్ళు తట్టలు ముందు పెట్టుకొని ఇసుకలో కూర్చున్న తరువాత జరుగుతుంది.

ఇంటర్నెట్‌కు తెలుగులో ‘అంతర్జాలం’ అని పేరు స్థిరపడింది. జాలం అంటే వల. ఇంద్రజాలంలో ఉన్నదీ ఆ జాలమే. పేరు పెట్టినవారు ఎంత ఆలోచించి పెట్టారో గాని, రెండు అర్థాలూ సరిపోయాయి. ఈనాడు మన ప్రతి ఇంటిలోనూ ఈ వల ఉన్నది. పిల్లల చేతిలో ఉన్నది, మన చేతిలోనూ ఉన్నది. ఇరవైనాలుగు గంటలూ లాగుతూనే ఉన్నాం. కూర్చొని ఏరుతున్నది ఎవరు?

దసరా సెలవుల్లో ఒక ఆదివారం దివ్యబలిపూజ అయిన తరువాత ఒక తల్లి గుడి మెట్ల దగ్గర నన్ను ఆపింది. “ఫాదర్‌గారూ, మావాడికి మీరన్నా కాస్త బుద్ధి చెప్పండి. హాస్టలు నుంచి వచ్చిన దగ్గరనుంచి రాత్రి ఒంటిగంట దాకా ఆ ఫోనే లోకం. ఏం చూస్తున్నావురా అంటే పాట అంటాడు. అదీ అర్థంకాని భాషలో పాట. ఒక్కటే పాట, మళ్ళీమళ్ళీ” అని కన్నీళ్ళు పెట్టుకున్నది. కుర్రవాడు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. చిన్నప్పుడు పీఠబాలుడిగా నా పక్కన గంట వాయించినవాడే. సాయంత్రం బంగళాకు రమ్మని కబురు పెట్టాను. దృశ్యమాధ్యమాల వల్ల కలిగే కీడును గురించి ఒక పావుగంట ఉపదేశం మనసులో సిద్ధం చేసుకొని కూర్చున్నాను కూడా.

“ఏమిట్రా ఆ పాట, నాకూ వినిపించు” అన్నాను. దాచిపెడతాడేమో అనుకున్నాను. వాడు దాచలేదు. సంతోషంగా కుర్చీ దగ్గరకు జరుపుకొని, ముందు వేరే పాట ఒకటి పెట్టాడు. సుజానే వేగా అనే అమెరికా గాయని పాట, పేరు ‘టామ్స్ డైనర్’, 1987లో వచ్చింది. వాయిద్యం ఒక్కటీ లేదు, ఒంటరి గొంతు. దాని కథ వాడు చెబితే నేను ఆశ్చర్యపోయాను. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ అనే ఇంజనీరు, పాటను చిన్నదిగా కుదించే పద్ధతి మీద పనిచేస్తున్నాడట. మనం ఎంపీత్రీ అంటామే, అదే. మనిషి చెవి ఎలాగూ పట్టించుకోని ధ్వనులను తీసివేస్తే పాట పదో వంతు జాగాలో పడుతుంది. తక్కినవాటికి పద్ధతి బాగానే పనిచేసింది గాని, ఈ ఒంటరి గొంతు దగ్గర దాని పస బయటపడింది. గొంతు పాడైపోయి వినిపించింది. అప్పుడాయన అదే పాటను లెక్కలేనన్నిసార్లు విని, దిద్ది, విని, దిద్ది, ఆ గొంతు గొంతులా వినిపించేదాకా వదలలేదు. ఒక మనిషి గొంతు చెడకుండా ఉండటానికి ఒకాయన అంతకాలం కూర్చున్నాడు. ఈనాడు మన దేవాలయాల కీర్తనలు కూడా ఫోనుల్లో తిరుగుతున్నాయంటే అలాంటి ఓపిక వల్లనే.

తరువాత స్పెయిను దేశంలోని శాంతో దొమింగో ద సీలోస్ మఠవాసుల గానం వినిపించాడు. ఆ బెనెడిక్టు సభ సన్యాసులు లతీను భాషలో పాడే పురాతన గ్రెగోరియన్ గానం 1994లో రికార్డుగా వెలువడి, ప్రపంచమంతటా లక్షలకు లక్షలు అమ్ముడుపోయింది. అమెరికాలో సినిమా పాటలతో, రాక్ సంగీతంతో పోటీపడి మూడో స్థానానికి ఎక్కింది. నేను సెమినరీలో నిద్రమత్తుతో పాడిన గానాన్ని ఈ కుర్రవాడు చెవిలో పెట్టుకొని లెక్కలు చేసుకుంటున్నానంటే, నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం సిగ్గువేసింది.

ఆ తరువాత వచ్చింది అసలు పాట. ఫ్రెంచి భాష. గిటారు, ఆడగొంతు, చిన్నపిల్లలు గంతులు వేసేటట్టు ఉన్న వరస. పాట పేరు ‘దొమినీక్’. అది మన పునీత దొమినిక్ వారిని గురించిన పాట. పైన చెప్పిన సీలోస్ మఠపు పునీతుని పేరే ఆయనకు తల్లి పెట్టుకున్నదని సంప్రదాయం. వలలో ఒకదానికొకటి తగులుకొని వచ్చాయన్నమాట. పాడినది బెల్జియం దేశపు మఠకన్య. “నీకిది ఎలా దొరికిందిరా?” అంటే, 2012లో వచ్చిన ‘అమెరికన్ హారర్ స్టోరీ’ అనే సీరియల్‌లో పిచ్చాసుపత్రి దృశ్యాల్లో ఈ పాటను పదేపదే వాడారట. దొమినిక్ వారి మీద కట్టిన భక్తిగీతం ఈ తరానికి దయ్యాల కథలో నేపథ్య సంగీతంగా దొరికింది! నేను నవ్వబోయాను. వాడు నవ్వలేదు. “ఈవిడ కథ మీకు తెలుసా ఫాదర్?” అన్నాడు.

కొంత తెలుసు. ఆ సాయంత్రం వాడివల్ల, తరువాత నేను చదువుకొన్నందువల్ల ఇంకొంత తెలిసింది. మీకూ చెబుతాను, ఓపికతో వినండి.

ఆమె పేరు జనీన్ డెకర్స్. 1933లో పుట్టింది. 1959లో వాటర్లూ దగ్గర ఉన్న దొమినికన్ మఠంలో గిటారుతోసహా చేరి, సిస్టర్ లూక్ గాబ్రియేల్ అయింది. ధ్యానవడకాలకు వచ్చే ఆడపిల్లల కోసం పాటలు కట్టి పాడేది. ఆ పిల్లలు ఇంటికి తీసుకుపోవటానికి నాలుగు రికార్డులుంటే బాగుంటుందని మఠంవారు ఒక రికార్డుల కంపెనీ దగ్గరకు వెళ్ళారు. కంపెనీవారు ఆ గొంతు విని, దాన్ని లోకానికంతటికీ అమ్మారు. రికార్డు మీద ఆమె పేరు లేదు. ‘స్యోర్ సూరీర్’ అని వేశారు. అంటే చిరునవ్వుల సిస్టర్ అని. 1963 డిసెంబరులో ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కి నాలుగు వారాలు దిగలేదు. వారి అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగి అప్పటికి రెండు వారాలు. ఇంకొక విశేషం చూడండి. రెండో వాటికన్ మహాసభ పత్రికలు, సినిమా, రేడియో, టెలివిజన్‌లను గురించిన ‘ఇంతెర్ మీరిఫికా’ అనే శాసనాన్ని ప్రకటించింది 1963 డిసెంబరు 4న. పాట మొదటి స్థానం పొందిన జాబితా తేదీ డిసెంబరు 7. ఈ సాధనాలను ఆత్మల మేలుకు వాడుకొనండి అని మహాసభ రోములో చెబుతున్న వారంలోనే, ఒక మఠకన్య పాట లోకమంతా మోగుతున్నది. ఎంత సంతోషించి ఉంటారు ఆనాటివారు!

ఆమెకు 1964లో గ్రామీ బహుమతి వచ్చింది. 1966లో ఆమె పేరుమీద హాలీవుడ్‌వారు సినిమా తీశారు. అదే ఏడు ఆమె మఠం విడిచింది. ఎందుకు విడిచిందో తీర్పు చెప్పటానికి మనం ఎవరం? బయటికి వచ్చాక ‘చిరునవ్వుల సిస్టర్’ అనే పేరు వాడుకొనే హక్కు కూడా ఆమెకు లేదు. వేరే పేరుతో పాడింది, జనం వినలేదు. జనానికి కావలసింది గిటారు పట్టుకొని నవ్వే సిస్టరు. స్నేహితురాలు అన్నీ పెషేర్‌తో కలిసి ఉంటూ, మానసిక ఎదుగుదలలో ఇబ్బంది ఉన్న పిల్లల కోసం ఒక బడి నడిపింది. 1970ల్లో ప్రభుత్వం పాట మీద వచ్చిన ఆదాయానికి పన్ను కట్టమన్నది. “నాది పేదరిక వ్రతం, డబ్బు నా చేతికి రాలేదు, మఠానికి ఇచ్చాను” అన్నది ఆమె జవాబు. రుజువు కాగితాలు లేవు. అప్పు తీర్చటానికి ఆ పాత పాటనే కొత్త వాయిద్యాలతో మళ్ళీ పాడింది. అదీ అమ్ముడుపోలేదు. బడి మూతపడింది. 1985 మార్చి 29న, తపస్సుకాలంలో, మట్టల ఆదివారానికి రెండు రోజుల ముందు, ఆ ఇద్దరు స్త్రీలూ తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. ఆమెకు 51 ఏళ్ళు. తమ విశ్వాసం వదులుకోలేదని, శ్రీసభ ఆచారప్రకారం తమను సమాధి చేయమని ఉత్తరం రాసి పెట్టారు.

ఎంపీత్రీ సంగతి ఇప్పుడు చెబుతాను. ఆ ఇంజనీరు తన పద్ధతిని గొంతు కోసం దిద్దాడు. కాని లోకం ఈ సిస్టరును కుదించిన పద్ధతిని ఎవరూ దిద్దలేదు. వరస ఉంచుకున్నారు, నవ్వు ఉంచుకున్నారు. తమ చెవికి అక్కరలేనిదని మిగిలినదంతా తీసివేశారు. ఆ మిగిలినదే ఆమె.

“ఫాదర్,” అన్నాడు కుర్రవాడు, “ఆవిడ నరకానికి వెళ్ళినట్టేనా?”

సహోదరులారా, నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నా చిన్నతనంలో మా ఊరి సమాధుల తోటకు గోడ బయట రెండు మట్టిదిబ్బలు ఉండేవి. ఆ దారిన పోయేటప్పుడు అమ్మ నా తల అటువైపు తిరగకుండా పట్టుకొనేది. 1917 నాటి శ్రీసభ చట్టంలో, బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకొన్నవారికి శ్రీసభ సమాధి కర్మ నిరాకరించాలని ఉండేది. 1983 నాటి కొత్త చట్టంలో ఆ మాట తీసివేశారు. 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథం (2282, 2283) మరింత స్పష్టంగా చెబుతున్నది. ప్రాణం దేవుడిచ్చినది, దాన్ని తీసుకోవటం ఘోరమైన అపరాధమే. కాని తీవ్రమైన మనోవ్యాధి, వేదన, భయం ఉన్నచోట మనిషి బాధ్యత తగ్గుతుంది. అలా పోయినవారి రక్షణ విషయంలో మనం నిరాశ పడకూడదు. దేవునికి మాత్రమే తెలిసిన మార్గాల ద్వారా వారికి పశ్చాత్తాపపు అవకాశం ఇవ్వగలడు. శ్రీసభ వారికోసం ప్రార్థిస్తుంది. ఇదంతా వాడికి నా చేతనైనట్టు చెప్పాను. గోడ బయటి దిబ్బల సంగతీ చెప్పాను.

వాడు ఫోను బల్లమీద బోర్లా పెట్టాడు. “మా హాస్టల్లో నా పక్కమంచం వాడు ఫాదర్. పోయిన ఏడాది. పరీక్షల ముందు.” అంతే అన్నాడు. చాలాసేపటికి, “వాడూ ఎప్పుడూ నవ్వుతూనే ఉండేవాడు” అన్నాడు.

ఒంటిగంట దాకా ఫోనులో వాడు వెతుకుతున్నది పాట కాదు. తన స్నేహితుడు ఎక్కడున్నాడో వెతుకుతున్నాడు. మన సత్యోపదేశ తరగతిలో అడగలేదు, అమ్మను అడగలేదు, నన్ను అడగలేదు. వలను అడిగాడు. ఆ వల ఒక దయ్యాల సీరియల్‌ను, దాని అడుగున ఒక పాటను, పాట అడుగున ఒక మరణాన్ని వాడి ఒడ్డుకు తెచ్చి పడేసింది. ఏరిపెట్టటానికి పక్కన ఎవరూ కూర్చోలేదు. నేను సిద్ధం చేసుకొన్న పావుగంట ఉపదేశం ఇచ్చి పంపేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది.

తల్లిదండ్రులారా, మీ పిల్లవాడు ఫోనులో ఏం చూస్తున్నాడని నన్ను అడగకండి. వాణ్ణే చూపించమనండి. లాక్కోవద్దు, గూఢచారిలా వెనకనుంచి తొంగిచూడవద్దు. “నీకు దొరికినవాటిలో బాగున్నది ఏమిటి, నాకూ చూపించు” అనండి. మొదట చూపించేది చెత్తే కావచ్చు. పాటో, ఆటో, పిల్లి గంతులో. రెండోదో మూడోదో అసలుది అవుతుంది. నాకు మూడోసారికి దొరికింది. ఇక పిల్లలను అనేముందు మన సంగతి కూడా చూసుకోవాలి. ఈ సందేశాన్ని పదిమందికి పంపితే మేలు, పంపకపోతే కీడు అని వచ్చే మరియమాత బొమ్మలను ఏమాత్రం ఏరకుండా విచారణ అంతటికీ పంపేది చదువుకొనే పిల్లలు కాదు, జపమాల సంఘం పెద్దలే. ఈ విషయం ఇంతకుముందు కూడా చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను.

పునీత జాన్‌పాల్ జగద్గురువులు 2002లో ప్రసార సాధనాల దినోత్సవ సందేశాన్ని పూర్తిగా ఇంటర్నెట్ మీదనే ఇచ్చారు. సువార్త ప్రకటనకు అదొక కొత్త వేదిక అన్నారు. అందులోని లెక్కలేనన్ని బొమ్మల నడుమ క్రీస్తు ముఖం కనిపిస్తుందా, ఆ ధ్వనుల నడుమ ఆయన స్వరం వినిపిస్తుందా అని అడిగారు. ఆ ప్రశ్నకు ఒక బాలుడు తనకు తోచినట్టు జవాబిచ్చాడు. 2025 సెప్టెంబరు 7న లియో 14వ జగద్గురువులు పునీతుడిగా ప్రకటించిన కార్లో అకూతిస్ సంగతి మీ అందరికీ తెలుసు. 1991లో పుట్టి, 2006లో లుకేమియా వ్యాధితో పదిహేనేళ్ళకే పోయిన ఇటలీ పిల్లవాడు. దివ్యసత్ప్రసాద అద్భుతాలను దేశదేశాలనుంచి సేకరించి, ఇంటర్నెట్‌లో వరసగా పేర్చిపెట్టాడు. మన గుడులలో ఆయన బొమ్మ పెట్టి, “చూడరా, ఆయన ఎంత మంచివాడో” అని పిల్లలను దెప్పటం మొదలైంది. దయచేసి ఆ పని చేయవద్దు. ఆయనకూ వీడియో ఆటలంటే ఇష్టమే. వారానికి ఒక గంట అని తనకు తానే హద్దు పెట్టుకున్నాడు. నాకు ఆయనలో నచ్చేది, దొరికినదాన్ని దొరికినట్టు విసిరివేయకుండా, తల్లిదండ్రులను వెంటబెట్టుకొని ఆ స్థలాలకు వెళ్ళి, చూసి, రాసి, ఏళ్ళ తరబడి ఒక పని మీద కూర్చోవటం. తల్లిదండ్రులు వెళ్ళారు చూశారా, అది గమనించండి.

మీ ఇంట్లో ఎవరైనా “నేను ఉండి ఏం లాభం” అన్నా, నిద్రపోకపోయినా, ఎప్పుడూ నవ్వేవాడు నవ్వు మానినా, మానకపోయినా, ఊరికే అంటున్నాడులే అనుకోకండి. ఎదురుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడవద్దు. పుట్టదు. మాట్లాడటానికి ఎవరూ లేరనిపిస్తే 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపేది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కరలేదు. ఆ కుర్రవాడి ఫోనులోనూ, వాళ్ళమ్మ ఫోనులోనూ నేనే ఎక్కించాను. మా బంగళా తలుపు కూడా తట్టవచ్చు. రాత్రి ఒంటిగంటకైనా సరే.

నవంబరు 2న మరణించిన విశ్వాసుల స్మరణకు మన అలవాటు ప్రకారం ఇంటింటినుంచీ పేర్ల కాగితాలు వచ్చాయి. ఆ తల్లి తమ కాగితం పెట్టెలో వేయకుండా చేత్తో పట్టుకొని సాక్రిస్తీకి వచ్చింది. అత్తగారు, మామగారు, తన తండ్రి, పుట్టగానే పోయిన బిడ్డ. వాటి కింద వేరే చేతిరాతతో మరో మూడు పేర్లు ఉన్నాయి.

“జనీన్, అన్నీ, వీళ్ళెవరు ఫాదర్‌గారూ? మా చుట్టాల్లో ఎవరూ లేరే. ఈ మూడో పేరు మాత్రం మొన్న రాత్రి వాడే చెప్పాడు. ఆ పిల్లవాడు మనవాళ్ళు కాదు, పూజలో చదవొచ్చా?” అని అడిగింది.

చదవొచ్చు అన్నాను. పూజలో మూడు పేర్లూ చదివాను. మొదటి రెండూ సరిగ్గా పలికానో లేదో తెలియదు.